బండి మీదికి రూఫ్‌టాప్ టెంటు: ఎక్కించే రోజును కాదు, దించే రోజును చూసి పద్ధతి ఎంచుకోండి

"అన్నా, ఈ టెంటు పైకి ఎట్ల ఎక్కిచ్చినవ్?" అని నా బండి చూసినవాళ్లందరూ అడుగుతారు. బండి పైకప్పు మీద బిగించి, రాత్రి అందులోనే పడుకునే టెంటు ఇది. ఎట్ల దించుతవ్ అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అసలు కష్టం అక్కడుంది. ఎక్కించేది శనివారం పొద్దున. ఇంటినిండా మనుషులుంటారు, పక్కింటి పిల్లలు కూడా వచ్చి తలా ఒక చెయ్యి వేస్తారు, అందరిలోనూ బయటికి పోతున్న హుషారు ఉంటుంది. దించేది ఆదివారం రాత్రి. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఒక రాత్రి ఉండి, కొల్లాపూర్ నుంచి అచ్చంపేట, దేవరకొండ మీదుగా నల్లగొండ చేరేసరికి అన్నం వేళ దాటిపోతుంది. శ్రీశైలం వైపు నుంచి వస్తే ఇంకా కష్టం. రాత్రి 9 గంటలకు అడవి దారి మూసేలోపు మన్ననూర్ గేటు దాటాలని గాబరాగా వస్తాం. టెంటు మంచుకో వానకో తడిసి ఉంటుంది. సాయానికి నేను, మా ఆవిడ తప్ప ఎవరూ ఉండరు. తెల్లారితే ఇద్దరికీ డ్యూటీ. ఆ రాత్రి, ఆ ఇద్దరితో ఏ పద్ధతి క్షేమంగా నడుస్తుందో అదే మీకు తగిన పద్ధతి. కింద చెప్పే ప్రతి దారినీ నేను ఈ లెక్కతోనే తూచాను.

బరువు కన్నా ఆకారమే ఇబ్బంది

ఇద్దరు పడుకునే మడత టెంటు మామూలుగా 45 నుంచి 60 కిలోలు ఉంటుంది. పైన గట్టి డబ్బా ఉన్న రకం 60 నుంచి 90 కిలోల దాకా పోతుంది. విన్నప్పుడు ఇదేమంత బరువు అనిపిస్తుంది. మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీలు 50 కిలోల బియ్యం బస్తాలు రోజంతా మోస్తూనే ఉంటారు. నేనూ అలాగే అనుకొని మొదటిసారి ఇద్దరు హమాలీలను పిలిపించాను. వాళ్లలో పెద్దాయన టెంటు చుట్టూ ఒకసారి తిరిగి చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "బస్తా అయితే ఈపు మీద పంటది సార్. ఇది యాడ పంటది?" అన్నాడు. ఆయన అన్నదే నిజం. మడత టెంటు దాదాపు నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగు మందం ఉన్న పలక. గట్టి డబ్బా అయితే ఏడడుగుల పొడవు. వీపుకు ఆనదు, భుజానికి నిలవదు, పట్టుకోవడానికి పిడి ఉండదు. పైగా టెంటులోకి ఎక్కే నిచ్చెన బిగించిన వైపు బరువు ఎక్కువ. దాన్ని తల పైకి, బండి కప్పు మీద అడ్డంగా బిగించిన, ఆరున్నర అడుగుల ఎత్తున్న క్రాస్‌బార్ల మీదికి లేపాలి. చేతులు తల దాటిన తర్వాత మనిషి బలం సగం కూడా ఉండదు.

అందుకే ఏ పద్ధతైనా సరే, ముందు ఊడదీయగలిగినవన్నీ ఊడదీయండి. నిచ్చెన బోల్టులతో వేరయ్యే రకమైతే తీసి పక్కన పెట్టండి. చెప్పుల సంచులు, లోపల వదిలేసిన దుప్పట్లు, దిండ్లు అన్నీ కలిపితే పది కిలోలు సులువుగా తగ్గుతాయి. దించేటప్పుడు తడిసిన దుప్పటి లోపలే ఉంటే ఆ బరువు మళ్లీ తోడవుతుంది.

ఇంకొక్క మాట చెప్పి పద్ధతుల్లోకి వెళ్తాను. బండి పైకప్పు నడిచేటప్పుడు ఎంత బరువు మోయగలదో బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ లెక్కలో టెంటు ఒక్కటే కాదు, క్రాస్‌బార్లు కూడా కలుస్తాయి. టెంటు 60, క్రాస్‌బార్లు 7 అయితే మీ లెక్క 67 కిలోలు. నిలిపి ఉంచినప్పుడు పైకప్పు ఇంతకు ఎన్నో రెట్లు మోస్తుంది కాబట్టి రాత్రి ఇద్దరు పడుకున్నా భయం లేదు. శ్రీశైలం ఘాట్ మలుపుల్లో, గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రం ఆ 67 కిలోలే పైకప్పును లాగుతాయి. పుస్తకంలో లెక్క చాలకపోతే టెంటు కొనకండి. కొన్ని బండ్లకు పైన సన్నగా కనిపించే రెయిళ్లు అందానికి పెట్టినవి, వాటికి బరువు కట్టకూడదు. ఇది కూడా పుస్తకంలోనే చూసుకోవాలి.

అసలు దించకుండా వదిలేస్తే

ఇది చాలామంది పాటిస్తున్న పద్ధతే. చెయ్యి కదపనక్కరలేదు, ఎవరినీ పిలవనక్కరలేదు. ఇతర ప్రాంతాల సంగతేమో గానీ మన దిక్కు నేను దీన్ని ఒప్పుకోను. మొదటి కారణం కోతులు. నల్లగొండలో మా వీధిలోనే వారానికి రెండుసార్లు గుంపు వస్తుంది. బండి మీద మెత్తగా, ఎత్తుగా, జిప్పు ఉన్న మూట కనిపిస్తే అవి ఊరుకోవు. కవరు మూల ఒకచోట చిరిగిందంటే తర్వాతి వానకు పరుపు దాకా నీళ్లు పోతాయి. రెండో కారణం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర 44 డిగ్రీలు మామూలే. ఆ ఎండకు కవరు బిరుసెక్కి మడత దగ్గర పగులుతుంది, కట్టిన పట్టీలు బలం కోల్పోతాయి. డీజిల్ ఖర్చు, గాలి చప్పుడు వీటి తర్వాతి సంగతి.

మహబూబ్‌నగర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండే నా మిత్రుడికి ఇంకో చిక్కు వచ్చింది. టెంటుతో కలిపి బండి ఎత్తు ఏడున్నర అడుగులైంది. సెల్లారులో దూలాల కింద అంత ఎత్తు లేదు. బండి నెలరోజులు రోడ్డు మీదే నిలిచింది. సెల్లారు ఉన్నవాళ్లు టెంటు కొనకముందే టేపు తీసుకొని దూలం కింద కొలవండి, స్లాబు కింద కాదు.

అయితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి వారం బయటికి పోయేవాళ్లు, బండి పెట్టడానికి మూసి ఉన్న షెడ్డు ఉన్నవాళ్లు ఆ నాలుగు నెలలు దించకుండా ఉంచుకోవచ్చు. అది సరైన పనే.

నలుగురి చేతుల మీద

మనుషులుంటే దీన్ని మించిన చవక పద్ధతి లేదు. కానీ నలుగురు ఉండాలి. ముగ్గురితో చేయకండి. నేను చేశాను. ముగ్గురిలో ఒకవైపు ఒక్కడే ఉంటాడు, నిచ్చెన ఉన్న బరువు వైపు అతనికే వచ్చింది. తల దాటిన తర్వాత అతని మణికట్టు తిరిగింది, టెంటు ఒరిగింది, అంచు వచ్చి డోరు పైన పడింది. బండికి పడ్డ సొట్ట సంగతి వదిలేయండి, మా తమ్ముడి వేళ్లు రెయిలుకూ టెంటుకూ మధ్య పడకుండా వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. ఆ రోజే ఇంకోసారి ముగ్గురితో లేపనని నిర్ణయించుకున్నాను.

నలుగురుంటే ఇలా చేయండి. ఇద్దరు బండికి ఆ పక్కన, ఈ పక్కన గట్టి స్టూళ్ల మీద నిలబడాలి. ప్లాస్టిక్ కుర్చీలు పనికిరావు, మేస్త్రీలు గోడ పని చేసేటప్పుడు నిలబడే ఇనుప స్టాండ్లు దొరికితే చాలా మంచిది. కింద ఇద్దరు టెంటును నడుము దాకా, ఛాతీ దాకా లేపి ఒక అంచును వెనక క్రాస్‌బారుకు ఆనించాలి. అక్కడి నుంచి పైవాళ్లు లాగుతారు, కిందివాళ్లు తోస్తారు. మొత్తం బరువును ఒకేసారి గాలిలో ఎవరూ మోయరు. ఒక్కరే లెక్క పెట్టాలి, మిగతావాళ్లు మాట్లాడకూడదు. గాలిదుమారం లేస్తుంటే ఆగిపోండి. మే నెల సాయంత్రం వచ్చే ఈదురుగాలికి నాలుగడుగుల పలక తెరచాపలా తిరుగుతుంది.

దించే రాత్రి నలుగురు ఎక్కడి నుంచి వస్తారన్నదే ఈ పద్ధతికి అసలు ప్రశ్న. ఉమ్మడి కుటుంబం, ఇంట్లో వయసు పిల్లలు ఉన్నవాళ్లకు ఇది చాలు, ఇక చదవకుండా ఆపేసినా నష్టం లేదు. ఏడాదికి రెండు మూడుసార్లే పోయేవాళ్లకూ ఇదే చాలు. మరుసటి రోజు పొద్దున అడ్డా మీది కూలీలను ఇద్దరిని పిలుచుకొని, కూలి ఇచ్చి దించుకోవడం మీకు నిజంగా చవక. రెండు ట్రిప్పుల కోసం ఇనుప స్టాండు చేయించుకోకండి.

నిచ్చెన మీద జార్చడం

వెనక నుంచి అల్యూమినియం నిచ్చెన ఆనించి, దాని మీద టెంటును పైకి జార్చే పద్ధతి ఇద్దరితో అవుతుందని చాలామంది చెబుతారు. అవుతుంది, కానీ లెక్క తెలుసుకొని చేయండి. ఆరున్నర అడుగుల ఎత్తుకు పదడుగుల నిచ్చెన వేస్తే 60 కిలోల టెంటును లాగడానికి 39 కిలోల బలం కావాలి. రాపిడి కలిపితే యాభై దాటుతుంది. పన్నెండడుగుల నిచ్చెన అయితే 33 కిలోల దగ్గరికి తగ్గుతుంది, రాపిడి మామూలే. అంటే నిచ్చెన ఎంత పొడవైతే అంత తేలిక, కానీ ఇంటి ముందు అంత జాగా కావాలి.

కష్టమైన ఘడియ పైన ఉంది. టెంటు సగం వెనక క్రాస్‌బారు దాటగానే ఒక్కసారిగా ముందుకు వాలుతుంది. అప్పుడు పట్టుకునే మనిషి లేకపోతే పైకప్పు రేకు మీద పడుతుంది. దించేటప్పుడు ఇదే తిరగబడి, వెనకభాగం మన మీదికి జారుతుంది. వెనక తలుపుకు స్టెప్నీ వేలాడే బండ్లకు నిచ్చెన సరిగ్గా ఆనదు, పక్క నుంచి వేసుకోవాలి. పక్క నుంచి అంటే డోర్ల రంగు మీద గీతలు. పాత బొంత కప్పి చేయవచ్చు. గొంగడి కప్పకండి, అందులో ఇరుక్కున్న దుమ్ము, ఇసుక రంగును గీకేస్తాయి. ఉతికిన నూలు బొంతే మంచిది.

నా లెక్కలో ఇది 50 కిలోల లోపు మడత టెంటుకు, పగటిపూట, ఇద్దరు బలమైన మనుషులు ఉన్నప్పుడు పనికొస్తుంది. రాత్రిపూట దించడానికి నేను ఒప్పుకోను.

ఊళ్లో ట్రాక్టరు ట్రాలీ ఉంటే

కల్వకుర్తి దగ్గర మా బావ చేసే పద్ధతి చూశాక, పొలం ఉన్నవాళ్లకు ఇంకేదీ అవసరం లేదనిపించింది. టెంటును ఆయన ఎప్పుడూ నేల మీద పెట్టడు. ట్రాలీ పక్క డాలాల (పక్క గోడల) మీద అడ్డంగా రెండు మందపు చెక్కలు వేసి, టెంటు దాని మీదే ఉంచుతాడు. పైన తాడ్‌పత్రి. డాలా పైభాగం నేల నుంచి ఐదడుగులకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. బండిని ట్రాలీ పక్కన ఆనుకునేలా నిలిపి, ట్రాలీలో ఇద్దరు నిలబడి పక్కకు తోస్తారు. వాళ్ల నడుము దగ్గర, ఛాతీ దగ్గర పని జరుగుతుంది గానీ తల పైకి పోదు. లేపాల్సింది అడుగు, అడుగున్నర. దించేటప్పుడు బరువు కిందికే జారుతుంది కాబట్టి మా అక్క, బావ ఇద్దరే చేసేస్తారు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవద్దు. రెండు చక్రాల ట్రాలీని ట్రాక్టరు నుంచి విప్పి ఉంచి దాని మీదికి ఎక్కితే, బరువు వెనక్కి పోగానే ట్రాలీ లేస్తుంది. ట్రాక్టరు తగిలించే ఉంచాలి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. "మన ట్రాలీయే కదా బావా, ఏం గాదు" అని నేను మొదట్లో అంటే ఆయన రాళ్లు పెట్టేదాకా నన్ను పైకి ఎక్కనివ్వలేదు.

జేసీబీ బకెట్ మీద పెట్టి లేపుదామని ఎవరైనా అంటే వద్దనండి. హైడ్రాలిక్ ఒక్క కుదుపు ఇస్తే మీ పైకప్పు పోతుంది.

పైనుంచి వేలాడదీయడం

పట్నంలో, ఇద్దరే ఉండే ఇంట్లో నిజంగా సుఖమైన పద్ధతి ఇదొక్కటే. టెంటును లేపి బండి మీద పెట్టడం కాదు, టెంటు పైన వేలాడుతూ ఉంటే దాని కిందికి బండిని తేవడం. దించడమంటే బండిని ముందుకు తీసేయడమే. కానీ ఇందులోనే పెద్ద ప్రమాదాలు కూడా ఉన్నాయి, కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

మొదటి ప్రశ్న, దేనికి వేలాడదీస్తారు? పోర్టికో స్లాబులో ఫ్యాన్ హుక్కు కనిపించగానే చాలామంది చెయ్యి దానివైపే పోతుంది. దయచేసి వద్దు. ఆ హుక్కు ఫ్యాను కోసం వేసింది. స్లాబు నాలుగైదు అంగుళాలే ఉంటుంది, లోపల కడ్డీకి హుక్కు ఎలా కట్టారో పోసిన మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. స్లాబుకు డ్రిల్లు పెట్టి బోల్టు దిగ్గొట్టి దానికి వేలాడదీయడం అంతకన్నా చెడ్డది. పైకప్పు కాంక్రీటులో కిందికి లాగే బరువుకు అలాంటి బోల్టు ఊడి రావచ్చు. ముందువైపు స్తంభాలు లేకుండా బయటికి వచ్చిన పోర్టికో అయితే ఏ బరువూ కట్టొద్దు. ఊయల కోసం దూలానికే కట్టి వేసిన హుక్కులుంటే, అది ఇల్లు కట్టిన ఇంజనీరు చెప్పిన మాట అయితే, అప్పుడు ఆలోచించవచ్చు. పాలమూరు దిక్కు పాత ఇళ్లలో గర్డర్ల మీద షాబాదు బండలు పరిచిన కప్పులుంటాయి. ఆ గర్డరు గట్టిదే కానీ తుప్పు ఎంత తిన్నదో చూడాలి, దానికి చిల్లు వేయకుండా క్లాంపు బిగించాలి. రేకుల షెడ్డు పైపులకు ఏదీ కట్టకండి.

వీటన్నిటికన్నా ఇంటితో సంబంధం లేని ఇనుప స్టాండు మంచిది. ఇంటి మీద భారం లేదు, అద్దె ఇంట్లో ఉన్నా రేపు విప్పుకొని తీసుకుపోవచ్చు.

బోరు మోటర్లు లాగే మూడు కాళ్ల స్టాండు గుర్తొచ్చే ఉంటుంది. మన నల్లగొండలో అది లేని ఊరు లేదు. వందల అడుగుల పైపులతో సహా మోటరును పైకి లాగే స్టాండుకు మన టెంటు ఒక లెక్క కాదు, మెకానిక్ దగ్గర రోజు అద్దెకు కూడా దొరుకుతుంది. నేను దాన్నే మొదట ప్రయత్నించాను. పదిహేను అడుగుల పైపులు, కాళ్ల మధ్య తొమ్మిది అడుగులు. బండి వెడల్పు ఆరుం పావు కదా, సరిపోతుందనుకున్నాను. మరచిపోయిన విషయం, కాళ్లు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. నేల దగ్గర తొమ్మిది అడుగులున్నది, అద్దాల ఎత్తుకు వచ్చేసరికి ఆరున్నర కూడా లేదు. ఎడమ అద్దం పైపుకు తగిలాక ఆపాను. బయట ఖాళీ జాగా ఉండి, 20 అడుగుల పైపులు నిలిపి, కాళ్ల మధ్య 13 అడుగులు ఉంచితేనే బండి కిందికి వస్తుంది. ఆ కాళ్లు మట్టిలో పాతుకోవాలి, లేదా మూడింటినీ అడుగున గొలుసుతో కట్టాలి. టైల్స్ మీద, నున్నటి బండల మీద నిలిపితే జారి విచ్చుకుంటాయి. పొలంలోనో ఖాళీ ప్లాటులోనో ఇది చక్కని పద్ధతి. పోర్టికోలో కాదు.

పోర్టికోకు సరిపోయేది తలుపు చట్రంలాంటి స్టాండు. నేను వెల్డింగ్ షాపులో చేయించుకున్నది ఇలా ఉంటుంది. రెండు పక్కలా నిచ్చెనలా విచ్చుకున్న కాళ్లు, రెండంగుళాల చదరపు పైపు, మూడు మిల్లీమీటర్ల మందం. పైన అడ్డంగా నాలుగంగుళాల ఐ గర్డరు. మూలల్లో ఏటవాలు బలాలు తప్పనిసరి, అవి లేకపోతే స్టాండు పక్కకు ఊగుతుంది. అడుగున పలకలు వేసి నేలకు బోల్టులతో బిగించాను. లోపలి వెడల్పు ఎనిమిది అడుగులు. స్కార్పియో లాంటి బండి అద్దాలతో కలిపి ఏడు దాటుతుంది కాబట్టి అంతకు తగ్గకూడదు.

ఎత్తు దగ్గర ఎక్కువమంది తప్పుతారు. చేయించుకునే ముందు ఈ కూడిక వేసుకోండి. క్రాస్‌బార్ల దాకా ఆరున్నర అడుగులు, పైన సందు అరడుగు, టెంటు మందం అడుగు, పట్టీలు అరడుగు, పట్టీలు తగిలించే పైపు చట్రం పావు అడుగు, గొలుసు లాగి బరువు లేపే చైన్ పుల్లీ అడుగు. మొత్తం తొమ్మిది ముప్పావు అడుగులు. ఆ పైన గర్డరు. నా పోర్టికో పదిన్నర అడుగులు కాబట్టి పట్టింది. మీది పదడుగులే అయితే ఒకే పుల్లీ పద్ధతి పట్టదు, నాలుగు మూలలకు నాలుగు పట్టీలు వేసి పక్క గోడ దగ్గర నుంచి హ్యాండిల్ తిప్పి పట్టీ చుట్టే చేతి వించులు పెట్టించుకోవాలి.

దేనితో లేపాలి

బావి గిరకలా తాడు, గిలకలు పెట్టుకుంటే చవక. నాలుగు పేటలుగా తిప్పితే 60 కిలోల టెంటు చేతికి 15 కిలోలే తగులుతుంది, రాపిడితో ఇరవై. కానీ తాడు వదిలితే చేద బావిలో పడ్డట్టు పడుతుంది. ఆదివారం రాత్రి ఒకరు తాడు పట్టుకొని నిలబడాలి, ఇంకొకరు టెంటు తిప్పాలి, మరి బండి ఎవరు తీస్తారు? అందుకే దీన్ని పక్కన పెట్టాను.

చేతి వించు తీసుకునేవాళ్లు తనంతట తాను బ్రేకు పట్టే రకమే తీసుకోండి. పంటి చక్రానికి నాలుక అడ్డుపెట్టే రకంలో, దించేటప్పుడు ఆ నాలుక తీయగానే హ్యాండిల్ వేగంగా తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది.

ఎలక్ట్రిక్ హాయిస్టు, అంటే కరెంటు మోటరుతో బరువు లేపే యంత్రం, చూడముచ్చటగా ఉంటుంది. చిన్నవి ఒంటి తీగతో 100, 125 కిలోలు, గిలక వేస్తే దానికి రెట్టింపు లేపుతాయి. కరెంటు పోయినా బ్రేకు పట్టే ఉంటుంది, కానీ కరెంటు వచ్చేదాకా టెంటు మధ్యలోనే ఆగుతుంది. నాకు నచ్చనిది దాని వేగం. ఒంటి తీగతో నిమిషానికి పది మీటర్లు అంటే ఆరడుగులు పదకొండు సెకండ్లలో అయిపోతాయి. టెంటు ఎక్కడైనా తట్టుకుంటే బటన్ వదిలేలోపే నష్టం జరిగిపోతుంది. వాడేవాళ్లు గిలక వేసి సగం వేగంతోనే వాడండి. నడుము నొప్పి ఉన్నవాళ్లకు, వయసు పైబడ్డవాళ్లకు మాత్రం ఇదే తగినది.

నేను ఎంచుకున్నది 1 టన్ను చైన్ పుల్లీ. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఎన్నో దుకాణాల్లో దొరుకుతుంది, జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతుంది. చాలా నిదానం. అడుగు లేవాలంటే చేతి గొలుసు ముప్పై అడుగుల పైనే లాగాలి. ఆ నిదానమే నాకు కావాల్సింది. గొలుసు వదిలితే ఉన్నచోటే ఆగుతుంది. మా ఆవిడ ఒంటిచేత్తో లాగుతుంది, నేను టెంటు మూల పట్టుకొని అద్దాలకు, యాంటెన్నాకు తగలకుండా చూస్తాను. కరెంటు ఉందా పోయిందా అన్న టెన్షన్ లేదు.

కట్టే పట్టీల దగ్గర పొదుపు చేయకండి. సామాను బిగించే రాచెట్ పట్టీలు లేపడానికి చేసినవి కావు. రెండంగుళాల వెడల్పున్న లిఫ్టింగ్ పట్టీలు అడగండి. ఊదా రంగు అయితే 1 టన్ను. నాలుగు మూలల నుంచి పట్టీలు ఒకే హుక్కుకు కలిపితే అవి బాగా వాలిపోతాయి, ఎంత వాలితే అంత లాగుడు పెరుగుతుంది, టెంటు అంచులను లోపలికి నొక్కుతుంది. అందుకే మధ్యలో పైపు చట్రం ఒకటి పెట్టి, దాని మూలల నుంచి పట్టీలు నేరుగా కిందికి వేలాడేలా కట్టాలి. చట్రం మధ్యలో హుక్కుకు మూడు చిల్లులు వేయించండి. నిచ్చెన వైపు బరువు ఎక్కువ కదా, ఏ చిల్లుకు తగిలిస్తే టెంటు సమంగా వేలాడుతుందో దాన్నే వాడాలి.

ఇక నేను అందరికీ రెండుసార్లు చెప్పే మాట. వేలాడుతున్న టెంటు కిందికి మనుషులెవరూ పోకూడదు అని మనం అనుకుంటాం గానీ, బండి వెనక్కి తెచ్చేవాడు దాని కిందికే వస్తాడు. కాబట్టి టెంటు ఎత్తుకు చేరగానే, బండి కదలకముందే, చట్రానికీ గర్డరుకూ మధ్య వేరుగా రెండు గొలుసులు తగిలించాలి. పుల్లీ మీద ఒక్కదాని మీదే నమ్మకం పెట్టకూడదు. నెలల తరబడి వేలాడదీసి ఉంచేటప్పుడు కూడా బరువు ఆ గొలుసుల మీదే ఉండాలి. పిల్లలకు అందకుండా చేతి గొలుసును పైకి చుట్టి కట్టండి.

టెంటు క్రాస్‌బార్ల మీద కూర్చున్నాక ఎక్కువ టెంట్లకు 8 మిల్లీమీటర్ల బోల్టులే వస్తాయి, 13 నంబరు స్పానర్ సరిపోతుంది. నాలుగు మూలలూ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించండి. యాభై కిలోమీటర్లు పోయాక ఆపి ఒకసారి చూడండి. నేను దేవరకొండలో చాయ్ తాగే దగ్గర ఆపుతాను, దాదాపు ప్రతిసారీ ఒక నట్టు పావు చుట్టు తిరుగుతుంది.

తిరిగొచ్చిన రాత్రి ఇప్పుడు మాకు ఇరవై నిమిషాలు పడుతోంది. పట్టీలు వేయడం, బోల్టులు విప్పడం, అరడుగు లేపడం, గొలుసులు తగిలించడం, బండిని ముందుకు తీయడం. టెంటు తడిగా ఉంటే మరుసటి రోజు సాయంత్రం ఛాతీ ఎత్తుకు దించి, కవరు తెరిచి, రెండు రోజులు టేబుల్ ఫ్యాను పెడతాం. పోర్టికోకు గ్రిల్లు ఉంది కాబట్టి కోతులు రావు.